పోటు మీద పడవ, పాటు మీద నడక: హైదరాబాద్ నుంచి కోరింగ మడ అడవికి

హైదరాబాద్‌లో ఉండేవాళ్లకు అడవి అనగానే వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండలో, అమ్రాబాద్ వైపు నల్లమలో గుర్తుకు వస్తాయి. ఆ అడవుల్లో నేల కదలదు. ఉదయం నడిచిన బాట సాయంత్రానికీ అక్కడే ఉంటుంది, నిన్న వాగు దాటిన చోటనే ఇవాళ కూడా దాటవచ్చు. కాకినాడ దగ్గరున్న కోరింగ అభయారణ్యంలో అలా కాదు. అక్కడి మడ అడవిలోకి సముద్రపు నీరు రోజుకు రెండుసార్లు ఎక్కి, రెండుసార్లు దిగిపోతుంది. పొద్దున పడవ పోయిన కాలువలో మధ్యాహ్నానికి బురద తేలి, దాని మీద కొంగలు నడుస్తుంటాయి. అందువల్ల ఈ అడవికి వెళ్లదలచినవారు గేటు ఎన్ని గంటలకు తెరుస్తారో తెలుసుకోవడానికి ముందే, నీరు ఎప్పుడు ఎక్కుతుందో, ఎప్పుడు దిగుతుందో తెలుసుకోవాలి.

ఈ ఒక్క సంగతి తెలియక నా మొదటి ప్రయాణం చాలావరకు వృథా అయింది. రాత్రంతా రైల్లో వచ్చి, బసలో నిదానంగా ఫలహారం ముగించుకుని, పదకొండు గంటలకు అడవి చేరుకున్నాం. పడవలు ఒడ్డున బురదలో ఒరిగి ఉన్నాయి. “ఇప్పుడు పాటండి, నీరు దిగిపోయింది. మూడింటికి నీరెక్కుతుంది, అప్పుడు రండి” అన్నారు పడవ నడిపే పెద్దాయన. మా తిరుగు బస్సు రెండున్నరకు. ఆ తర్వాత నాలుగుసార్లు వెళ్లాను, నాలుగుసార్లూ ముందు నీటి వేళలు చూసుకుని, ఆ తర్వాతే రైలు టికెట్ తీసుకున్నాను. ఈ వ్యాసంలో చెప్పేదంతా ఆ క్రమంలోనే ఉంటుంది.

అడవి ఎక్కడ, ఎలాంటిది

గోదావరి పాయల్లో ఒకటైన గౌతమి బంగాళాఖాతంలో కలిసే చోట, కాకినాడకు దక్షిణంగా, తాళ్లరేవు మండలం చుట్టూ ఈ మడ అడవి పరచుకుని ఉంది. 1978లో దీన్ని అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం 235.70 చదరపు కిలోమీటర్లు. కోరంగి, గాడేరు వంటి పాయలు, వాటి నుంచి చీలిన సన్నని కాలువలు అడవిని అల్లుకుని ఉంటాయి. అభయారణ్యాన్ని కోరింగ అనీ, పక్కనున్న ఊరిని కోరంగి అనీ రాస్తుంటారు. రెండూ ఒకే పేరే గనుక బోర్డుల మీద ఏది కనిపించినా తికమక పడనవసరం లేదు.

ఆ ఊరికి పెద్ద చరిత్ర ఉంది. ఒకప్పుడు అది ఓడలు కట్టే రేవు. అక్కడి నుంచి బర్మాకు వెళ్లినవారి వల్ల బర్మాలో తెలుగువారికి ‘కోరంగీలు’ అనే పేరే నిలిచిపోయింది. 1789 డిసెంబరులోనూ, 1839 నవంబరులోనూ వచ్చిన ఉప్పెనలు ఆ రేవును కోలుకోనివ్వలేదు. బంగాళాఖాతపు తుపానులను పరిశీలించిన హెన్రీ పిడింగ్టన్ 1789 నాటి కోరంగి ఉప్పెనను కూడా వివరించి రాశాడు. ‘సైక్లోన్’ అనే మాటను 1848లో వాడుకలోకి తెచ్చినవాడు ఆయనే. మడ అడవిలో బురద మీదుగా వేసిన చెక్కబాట మీద నిలబడి ఆ చెట్ల వేళ్ల అల్లికను చూస్తున్నప్పుడు, కెరటానికి, ఊరికి మధ్య ఈ అడవి ఎందుకు ఉండాలో ఎవరూ చెప్పనక్కరలేకుండానే అర్థమవుతుంది.

రోజును తిథిని బట్టి ఎంచుకోవాలి

నీరు ఎక్కడాన్ని పోటు అనీ, దిగడాన్ని పాటు అనీ అంటారు. చంద్రుడి ఆకర్షణ వల్ల ఈ తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు వస్తాయి. పోటు పూర్తయిన తర్వాత నీరు అట్టడుక్కు చేరడానికి ఆరు గంటల పైచిలుకు పడుతుంది. చంద్రోదయం రోజురోజుకూ ఆలస్యమయినట్టే పోటు కూడా మరునాటికి సుమారు 50 నిమిషాలు వెనక్కు జరుగుతుంది. ఈ లెక్క ఒక్కటి తెలిస్తే, శుక్రవారం నాటి పోటు వేళను చూసి ఆదివారం పోటు ఎప్పుడు వస్తుందో మీరే చెప్పగలరు.

అమావాస్యకు, పున్నమికి నీరు ఎక్కువ ఎత్తుకు ఎక్కి, ఎక్కువ లోతుకు దిగుతుంది. అష్టమి ప్రాంతంలో ఆ తేడా బాగా తగ్గుతుంది. బురద నేలలు విశాలంగా తేలి, వాటి మీద వలస పక్షులు వేల సంఖ్యలో మేత మేయడం చూడాలంటే అమావాస్య లేదా పున్నమి తర్వాతి రెండు మూడు రోజులు మంచివి. పడవలో నిదానంగా, వేళ మించిపోతుందన్న ఆందోళన లేకుండా తిరగాలంటే అష్టమి దగ్గరి రోజులు మేలు. ఇంట్లో గోడకు వేలాడే తెలుగు క్యాలెండరు ఈ పనికి పూర్తిగా సరిపోతుంది. గంటలు, నిమిషాలు కావాలంటే కాకినాడ రేవుకు ఇచ్చే ఆటుపోట్ల పట్టికను చూడాలి. సముద్రం లేని మన ఊళ్లోనే, ప్రగతినగర్‌లో, ఇన్‌కాయిస్ అనే మహాసముద్ర సమాచార కేంద్రం ఉందనీ, దేశమంతటికీ అలల హెచ్చరికలు, సునామీ హెచ్చరికలు అక్కడి నుంచే వెళ్తాయనీ చాలామంది హైదరాబాదీలకు తెలియదు. ప్రయాణానికి రెండు రోజుల ముందు ఆ కేంద్రం ఇచ్చే సముద్ర స్థితి సమాచారాన్ని తప్పకుండా చూసుకోవాలి.

ఇక రోజును ఎలా అమర్చుకోవాలన్నది. పోటు పూర్తయ్యే వేళ ఉదయం ఎనిమిది, తొమ్మిది గంటలకు పడే రోజును ఎంచుకోగలిగితే అంతకు మించిన అదృష్టం లేదు. నీరు నిండుగా ఉన్నప్పుడు పడవ సన్నని కాలువల లోపలి దాకా వెళ్లగలుగుతుంది గనుక ముందు పడవ ఎక్కాలి. పడవ దిగేసరికి నీరు వెనక్కు తీయడం మొదలవుతుంది. అప్పుడు చెక్కబాట మీద నడక సాగిస్తే, అడుగడుక్కూ బురద బయటపడుతూ, అంతవరకు కలుగుల్లో దాగిన పీతలు, వాటి కోసం వచ్చే పక్షులు మీ కళ్ల ముందే ఒక్కొక్కటిగా వెలువడతాయి. పోటు మీద పడవ, పాటు మీద నడక అని గుర్తుంచుకుంటే చాలు. ఉదయం పాటు పడే రోజయితే క్రమాన్ని తిప్పి, ముందు నడిచి, మధ్యాహ్నం దాటాక పడవ ఎక్కవచ్చు. ఏ క్రమమైనా ముందురోజు సాయంత్రం అక్కడి సిబ్బందికి ఫోను చేసి, మరునాడు పడవలు ఎప్పుడు నడుస్తాయో అడిగి ఖాయం చేసుకోవడం అవసరం.

ఒక తిథి విషయంలో మాత్రం జాగ్రత్త. పుష్య బహుళ అమావాస్యను చొల్లంగి అమావాస్య అంటారు. ఆ రోజు చొల్లంగి అనే ఊరి దగ్గర తుల్యభాగ అనే గోదావరి పాయ సముద్రంలో కలిసే చోట స్నానం చేయడానికి వేలాది మంది వస్తారు, గోదావరి ఏడు పాయల సంగమాల్లో స్నానం చేసే సప్తసాగర యాత్ర కూడా అక్కడి నుంచే మొదలవుతుంది. స్నానానికి వెళ్లేవారికి అది పర్వదినమే. జంతువులను చూడడానికి వెళ్లేవారు ఆ రోజును, దానికి అటూ ఇటూ ఉన్న రోజులను వదిలేయడం మంచిది. అడవికి వెళ్లే దారి కూడా అదే.

ఏ నెలలో

డిసెంబరు రెండో పక్షం నుంచి ఫిబ్రవరి చివరిదాకా అన్నివిధాలా అనుకూలం. మధ్య ఆసియా, సైబీరియా వైపు నుంచి వచ్చే వలస పక్షులు అప్పటికి స్థిరపడి ఉంటాయి, ఎండ భరించదగినట్టుగా ఉంటుంది. నీటి పక్షుల లెక్కింపు కూడా ఏటా జనవరిలోనే జరుగుతుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో పక్షులు వస్తూ ఉన్నా అవి తుపానుల నెలలు. వాయుగుండం కబురు వినిపిస్తే టికెట్ డబ్బు గురించి ఆలోచించకుండా ప్రయాణం మానుకోవాలి. జూలై నుంచి సెప్టెంబరు దాకా గోదావరి వరద నీరు పాయల్లోకి దిగుతుంది, పడవలు ఆగిపోయే రోజులు ఎక్కువ. ఏప్రిల్, మే నెలల్లో వెళ్లవద్దని గట్టిగా చెబుతాను. మన దక్కను ఎండలో చెమట ఆరుతుంది. కాకినాడ ఉక్కలో చెమట ఆరదు, అందువల్ల తక్కువ వేడికే శరీరం సొమ్మసిల్లుతుంది.

చేరుకోవడం

రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారేసరికి కాకినాడ చేరవచ్చు. సికింద్రాబాద్ స్టేషను పునర్నిర్మాణం కారణంగా రైళ్లు ఎక్కే స్టేషన్లు మారుతున్నందువల్ల టికెట్ మీద ఉన్న స్టేషను పేరును మరోసారి చూసుకోవాలి. సొంత కారులో దూరం సుమారు 500 కిలోమీటర్లు. రాత్రంతా కారు నడిపి, నిద్రలేని కళ్లతో పక్షులను వెతకడం కంటే రైలే నయమని నా అభిప్రాయం. కాకినాడ నుంచి యానాం వెళ్లే రోడ్డు మీద 18, 20 కిలోమీటర్లు పోతే అడవి వస్తుంది. యానాం వైపు వెళ్లే ఆర్టీసీ బస్సు గానీ, మాట్లాడుకున్న ఆటో గానీ సరిపోతుంది. ఆటో అయితే తిరుగు ప్రయాణానికి కూడా అప్పుడే మాట్లాడుకోవాలి.

బయలుదేరే ముందు హైదరాబాద్‌లోనే కొంత సాధన

బైనాక్యులర్స్ కొత్తగా కొని, పెట్టె విప్పకుండా కోరింగ తీసుకువెళ్లి, పడవ ఊగుతుండగా మొదటిసారి కళ్లకు పెట్టుకున్నవారిని చూశాను. పక్షి ఎగిరిపోయేదాకా వారికి నీరు తప్ప మరేదీ కనిపించలేదు. ముందుగా రెండు ఆదివారాలు అమీన్‌పూర్ చెరువు గట్టున గడపండి. 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తింపు పొందిన ఆ చెరువులో నీటికాకులు, తెల్లకొంగలు, లకుముకి పిట్టలు దాదాపు ఎప్పుడూ ఉంటాయి. ముందు కళ్లతో పక్షిని పట్టుకుని, చూపు దాని మీద నుంచి తిప్పకుండా బైనాక్యులర్స్‌ను కళ్ల దగ్గరకు తెచ్చుకోవడం అలవాటు చేసుకోవాలి. చూపు దించి బైనాక్యులర్స్‌ను చూసుకుని, మళ్లీ తలెత్తి వెతికితే పక్షి దొరకదు. ఎనిమిది రెట్లు దగ్గరగా చూపే 8×42 రకం కొనమని నా సలహా. పది రెట్ల రకం కాగితం మీద ఎక్కువగా కనిపించినా, పడవ మీద చేతి వణుకును కూడా పది రెట్లు చేస్తుంది.

నడక అలవాటు లేనివారు కేబీఆర్ పార్కు చుట్టూ కొన్ని ఉదయాలు నడిచినా చాలు. అయితే అక్కడి జోరు నడకను కోరింగకు తీసుకురాకూడదు. చెక్కబాట మీద వేగంగా నడిచేవారికి చెక్కబాట మాత్రమే కనిపిస్తుంది.

బట్టలు ఆకుపచ్చ, ఖాకీ, బూడిద రంగుల్లో, చేతులు నిండుగా ఉండేవి తీసుకోండి. తెలుపు, ఎరుపు వద్దు. బురద అంటినా కడిగితే త్వరగా ఆరే, పట్టు ఉన్న బూట్లు కావాలి. దోమల మందు, టోపీ, మనిషికి రెండు లీటర్ల నీరు, రెండు ఓఆర్‌ఎస్ పొట్లాలు, ఫోను తడవకుండా ఒక సంచి, ప్రవేశ రుసుముకు, పడవకు చిల్లరతో కూడిన నగదు వెంట ఉండాలి. తినుబండారాల పొట్లాలు లోపలికి తీసుకువెళ్లకపోవడమే మంచిది. చెక్కబాట కింద పడిన పొట్లాన్ని మీరు దిగి తీయలేరు, పాటు దాన్ని ఆ రోజే సముద్రంలోకి మోసుకుపోతుంది.

చెక్కబాట మీద

పది అడుగులు నడిచి రెండు నిమిషాలు ఆగాలి. అంతకు మించిన రహస్యం లేదు. మీరు ఆగగానే అడుగుల అదురు ఆగుతుంది, కలుగుల్లోకి దూరిన పీతలు ఒక్కొక్కటిగా పైకి వస్తాయి. ఒక డెక్క మాత్రమే పెద్దదిగా ఉండేవి మగ పీతలు. ఆ డెక్కను పైకీ కిందికీ ఊపుతూ ఆడ పీతను పిలుస్తాయి, ఎదుటి మగదాన్ని బెదిరిస్తాయి. వాటి పక్కనే బురద మీద వేలెడంత జీవులు గెంతుతుంటే కప్పపిల్లలనుకుంటారు. అవి చేపలు. మొప్పల గదుల్లో నీరు నింపుకుని, తడి చర్మం ద్వారా కూడా ఊపిరి పీల్చుకుంటూ, ముందు రెక్కలనే చేతులుగా చేసుకుని నేల మీద తిరిగే చేపలు. పిల్లలను వెంట తీసుకువెళ్లేవారు ఈ ఒక్క దృశ్యం దగ్గర పావుగంట నిలబడినా ఆ సమయం వృథా కాదు.

తర్వాత చెట్లను చూడాలి. నేలలోంచి మేకుల్లా పైకి పొడుచుకు వచ్చినవి మడ చెట్ల శ్వాసవేళ్లు. బురదలో గాలి ఉండదు గనుక వేళ్లే పైకి వచ్చి గాలి పీల్చుకుంటాయి. తెల్లమడ, నల్లమడ అని అక్కడివారు పిలిచే రెండు రకాలూ ఈ పని చేస్తాయి. మడ ఆకు అడుగు భాగాన్ని నాలుకకు తాకిస్తే ఉప్పగా ఉంటుందని పుస్తకాల్లో రాస్తారు. నాలుకకు తాకించకుండానే, ఎండ ఏటవాలుగా పడినప్పుడు ఆకు మీద మెరిసే సన్నని ఉప్పు పలుకులను చూడవచ్చు. వేళ్లు పీల్చిన ఉప్పును చెట్టు అలా బయటకు పంపుతుంది. కాండం నుంచి విల్లుల్లా వంగి బురదలో దిగిన ఊతవేళ్లు కనిపిస్తే అది ఉప్పుపొన్న. దాని కాయ చెట్టు మీద ఉండగానే మొలకెత్తి, పొడవైన మొలక కిందికి వేలాడుతుంది. అది రాలి బురదలో గుచ్చుకుంటే అక్కడే నాటుకుంటుంది, నీటిలో పడితే తేలుతూ మరో ఒడ్డుకు చేరుతుంది.

తిల్ల చెట్టు విషయంలో మాత్రం చేతులు వెనక్కి పెట్టుకోవాలి. దాని ఆకు తుంచినా, కొమ్మ విరిచినా తెల్లని పాలు కారతాయి. ఆ పాలు కంట్లో పడితే చూపు దెబ్బతింటుంది, చర్మానికి తగిలితే పొక్కుతుంది. తిల్లను గుర్తుపట్టే దాకా ఆగకుండా, మడ అడవిలో ఏ ఆకునూ తుంచకూడదనే నియమం పెట్టుకోవడమే క్షేమం. పొరపాటున తగిలితే వెంటనే ఎక్కువ నీటితో కడిగి వైద్యుడి దగ్గరకు వెళ్లాలి.

జంతువుల విషయంలో ఆశను కొంచెం సరిచేసుకుని వెళ్లాలి. ఈ అడవికి పేరు తెచ్చినది బావురు పిల్లి. పెంపుడు పిల్లికి దాదాపు రెట్టింపు ఉండి, వేళ్ల మధ్య కొంత పొర ఉన్న పాదాలతో నీటిలోకి దూకి చేపలు పట్టే జంతువు అది. అయితే అది రాత్రి తిరిగే జంతువు, పగలు వెళ్లే మనకు కనిపించడం బాగా అరుదు. మనకు దొరికేది దాని అడుగుజాడ. పాటు మొదలైన గంటలోపు, ఇంకా ఎవరూ తొక్కని తడి బురద మీద గుండ్రని పాదముద్రల వరుస ఉందేమో చూడండి. గోళ్ల గుర్తులు లేకుండా ఉంటే పిల్లి జాతిదిగా, గోళ్లు స్పష్టంగా ఉండి పొడుగ్గా ఉంటే నక్కదిగా అనుకోవచ్చు. బావురు పిల్లి గోళ్లు పూర్తిగా లోపలికి ముడుచుకోవు గనుక దాని జాడలో సన్నని గోటి గుర్తు ఉండవచ్చు. అక్కడే వెంట ఉన్న గైడును అడగడం మంచిది, వాళ్లు ఒక్క చూపులో చెబుతారు.

చేపలు తినే నీటికుక్కలు (ఆటర్లు) అంతకంటే దయగలవి. అవి పగలు కూడా గుంపుగా తిరుగుతాయి. కాలువ మలుపులో నీటి మీద మూడు నాలుగు తలలు ఒక వరుసలో కదులుతూ, సన్నని ఈల లాంటి కూత వినిపిస్తే అవే. ఎత్తయిన ఒడ్డు మీద చేప పొలుసులు, ముళ్లు కలిసిన రెట్టలు ఒకేచోట పోగుపడి ఉంటే అది అవి రోజూ వచ్చే చోటు. అక్కడ కదలకుండా అరగంట కూర్చోగల ఓపిక ఉంటే ఫలితం దక్కే అవకాశం ఎక్కువ. నా మూడో ప్రయాణంలో తల్లి వెనుక రెండు పిల్లలు ఒడ్డెక్కి, ఇసుకలో పొర్లి ఒళ్లు ఆరబెట్టుకోవడం చూశాను. ఆ ఐదు నిమిషాలు నేను ఫోటో తీయలేదు, అందుకు ఇప్పటికీ సంతోషిస్తున్నాను.

పక్షులకు వస్తే, కొమ్మల మీద లకుముకి పిట్టలు, ఆకాశంలో తెల్లని తల, ఇటుక రంగు రెక్కల గరుడ పక్షి, ఒడ్డున కొంగలు ఎవరికైనా కనిపిస్తాయి. బురద మీద పరుగెత్తే చిన్న బూడిద రంగు ఉల్లంకి పిట్టలను ఒకదాని నుంచి మరొకదాన్ని వేరుపరచడం కష్టం. మొదటిసారి వెళ్లేవారు పేర్ల కోసం తంటాలు పడకుండా ముక్కులను మాత్రం చూడాలి. పొట్టి ముక్కు పైపైన ఏరుకుంటుంది, పొడవు ముక్కు లోతుగా గుచ్చుతుంది, వంకర ముక్కు పీత కలుగులోకి దూరుతుంది. ఒకే బురదలో ఇన్ని రకాలు పోట్లాడకుండా ఎలా బతుకుతున్నాయో అప్పుడు అర్థమవుతుంది. ఫోనులో పక్షి కూతలు వినిపించి దగ్గరకు రప్పించడం చాలామంది చేసే తప్పు. మేతకు, విశ్రాంతికి ఉన్న కొద్ది గంటల్లో ఆ పక్షి లేని శత్రువు కోసం వెతుక్కుంటుంది.

పడవలో

లైఫ్ జాకెట్ వేసుకుని, పట్టీలన్నీ బిగించుకున్న తర్వాతే పడవలో కాలు పెట్టాలి. ఫోటో కోసం మధ్యలో విప్పకూడదు. 2019 సెప్టెంబరు 15న పాపికొండల దారిలో, కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటకుల పడవ మునిగి ఎన్నో కుటుంబాలు చెదిరిపోయాయి. వారిలో హైదరాబాద్, వరంగల్ నుంచి వెళ్లినవారు కూడా ఉన్నారు. జాకెట్లు చాలకపోయినా, పడవలో మనుషులు ఎక్కువయినా ఆ పడవ ఎక్కకుండా తర్వాతి దాని కోసం ఆగాలి. ఒకవైపు నీటికుక్క కనిపించిందని అందరూ ఆ వైపుకే లేచి నిలబడడం అన్నిటికంటే ప్రమాదకరం. కూర్చున్న చోటు నుంచే చూడాలి.

ఎక్కే ముందే పడవ నడిపేవారితో మర్యాదగా ఒక మాట చెప్పుకోవచ్చు: “లోపలి కాలువలో ఒక పది నిమిషాలు ఇంజన్ ఆపుతారా అండీ?” అని. పాట పెట్టవద్దని కూడా అప్పుడే చెప్పాలి. చాలామంది పర్యాటకులు పాటలు అడుగుతారు గనుక వాళ్లు మన కోసమే పెడతారు. ఇంజన్ ఆగిన ఆ పది నిమిషాల్లో వినిపించేవి, కనిపించేవి మిగిలిన గంటలో ఉండవు. వాళ్లలో చాలామంది ఆ పాయల్లో చేపలు పట్టి పెరిగినవారు. ఏ వంపులో ఏ వేళకు ఏ జంతువు వస్తుందో వారికి తెలిసినంత మరెవరికీ తెలియదు. ఆ చుట్టుపక్కల ఊళ్లవారే వన సంరక్షణ సమితులుగా ఏర్పడి, చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి, ఎండిపోయిన ఉప్పు నేలల్లోకి పోటు నీటిని పారించి, మడ మొక్కలు నాటి పెంచారు. ఆ కాలువలు ఎక్కడ ఉన్నాయో అడిగి చూపించుకోండి. వలలు బాగుచేసుకుంటున్నవారి ఫోటో కావాలంటే ముందు అడగాలి.

కాకినాడకు ఎదురుగా సముద్రంలో పదిహేను కిలోమీటర్లకు మించిన పొడవున ఇసుక మేట ఉంది, దాన్ని హోప్ ఐలాండ్ అంటారు. గోదావరి మోసుకొచ్చిన ఇసుకే అది. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు అక్కడ ఒడ్డెక్కి గుడ్లు పెడతాయి. ముందుగా అటవీశాఖ అనుమతి తీసుకోకుండా అక్కడికి పడవ మాట్లాడుకోకూడదు. అనుమతి దొరికినా టార్చి, ఫ్లాష్ వాడకూడదు, ఎందుకంటే గుడ్లు పెట్టడానికి వచ్చిన తల్లి వెలుతురు చూసి వెనక్కు తిరిగిపోతుంది, పిల్లలయితే సముద్రం మెరుపు అనుకుని ఆ వెలుతురు వైపే నడుస్తాయి. ఆ తాబేలుకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో రక్షణ ఉంది. గుడ్డు ముట్టుకున్నా నేరమే.

కొండ ఎక్కాలనుకునేవారికి

మడ అడవిలో చెక్కబాట దాటి నడవడం కుదరదు. కాళ్లకు పని చెప్పే నడక కావాలనుకునేవారు మరో రోజు కలుపుకుని, సామర్లకోటలో రైలెక్కి విశాఖపట్నం వెళ్లి, కంబాలకొండ అభయారణ్యం చూడవచ్చు. సుమారు 71 చదరపు కిలోమీటర్ల ఆ అడవి నగరాన్ని ఆనుకుని, జూ ఎదుట, జాతీయ రహదారి పక్కనే ఉంది. తూర్పు కనుమల అంచు అది, సముద్రపు గాలి తగిలే కొండ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను అక్కడి చెట్లను ఎన్నింటినో పడగొట్టింది. ఆ తర్వాత చిగిర్చి పెరిగిన అడవిని ఇప్పుడు చూస్తాం. దుప్పులు, కణుజులు, అడవి పందులు, చిరుతలు కూడా ఉన్న అడవి గనుక గైడు లేకుండా, గుర్తించిన బాట వదిలి నడవకూడదు. పిల్లలను ముందుకో వెనక్కో పరుగెత్తనీయకుండా మధ్యలో నడిపించాలి. గేటు తెరిచిన వెంటనే లోపలికి వెళ్లి, ఎండ ముదరకముందే కిందికి దిగేలా చూసుకోండి. సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మరునాడు పొద్దున్నే హైదరాబాద్‌లో ఉంటారు.

తిరిగి వచ్చేటప్పుడు

బసలోనే బూట్ల అడుగున పట్టిన బురదను గోరువెచ్చని నీటితో కడిగి, లోపల పాత వార్తాపత్రిక కుక్కి ఆరబెట్టండి. ఉప్పు బురద ఎండితే బూటు అతుకు ఊడుతుంది. బైనాక్యులర్స్ అద్దాలను మాత్రం పొడిబట్టతో నేరుగా తుడవకూడదు. ఉప్పు పలుకు గీత పెడుతుంది, తడి గుడ్డతో అద్ది తర్వాత తుడవాలి.

రైల్లో నిద్రపోయే ముందు ఒక పుస్తకంలో చూసినవన్నీ రాసుకోండి. జంతువు పేరు తెలియకపోతే రంగు, ముక్కు, నడక రాసుకున్నా సరిపోతుంది. ప్రతి దాని పక్కన గంటతో పాటు తిథిని, అప్పుడు నీరు ఎక్కుతోందా దిగుతోందా అన్నదాన్ని కూడా రాయాలి. నా పుస్తకంలో నీటికుక్కలు కనిపించిన మూడుసార్లూ ‘పాటు మొదలైన గంటన్నర’ అని ఉంది. వచ్చే జనవరిలో బహుళ విదియకు టికెట్ తీసుకున్నది ఆ మూడు వరుసలను చూసుకునే.